‘దేవుడు చూసుకుంటాడు’ అనే అన్నయ్యను రక్తపరీక్షకు ఒప్పించడం ఎలా?

జీడితోట
సోమవారం, రాత్రి 9:42

అందరికీ వందనాలు. మూడేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మాది ఉద్దానం, కవిటి వైపు. ఊరి పేరు చెప్పను. చెబితే ఇక్కడున్న సగం మందికి మా ఇల్లు తెలిసిపోతుంది. పెళ్లయ్యాక విజయనగరంలో ఉంటున్నాను. మా ప్రాంతపు కిడ్నీ జబ్బు గురించి బయటివాళ్లు పేపర్లో చదువుతారు. మేము పెళ్లిచూపుల్లో వింటాం. కట్నం మాటకంటే ముందే ‘మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?’ అని అడుగుతారు.

మా ఇంట్లో అమ్మకు వచ్చింది. 2016లో చూపిస్తే క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గేకొద్దీ రక్తంలో పెరిగేది) అప్పటికే 6 దాటి ఉంది. మరుసటి ఏడాది నుంచి డయాలసిస్. మంగళ, గురు, శనివారాలు, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు. రోజుకు లీటరు నీళ్లు మించకూడదన్నారు. పొటాషియం ఎక్కువని, కొబ్బరితోటలో పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరినీళ్లు వద్దన్నారు. చర్చిలో ప్రభువు బల్ల నాడు ఇచ్చే గుక్కెడు ద్రాక్షరసాన్ని కూడా అమ్మ ఆ లీటరులోనే లెక్కపెట్టుకునేది.

2018 మే నెలలో ఒక పట్టణంలో మూడు రోజులు స్వస్థత కూటాలు పెట్టారు. ప్రసంగీకుడు ఎక్కడి నుంచో వచ్చాడు. అమ్మను తీసుకెళ్లింది నేనే. ఆయన అమ్మ తల మీద చెయ్యి పెట్టి, ‘ఈ తల్లికి ఇక సూది అవసరం లేదు’ అని మైకులో అన్నాడు. మైదానమంతా ఆమేన్ అంది. అందరికంటే గట్టిగా అన్నది నేను. అమ్మ నా ముఖం వైపు చూసింది. ఆ చూపు సంతోషం అనుకున్నాను అప్పుడు. ‘నువ్వు చెబితే సరే’ అనే చూపు అది.

మంగళవారం మానేశాం. గురువారం మానేశాం. శనివారం పాదాలు వాచాయి, ఎండకు అయ్యుంటుందని సరిపెట్టాను. ఆదివారం రాత్రి అమ్మకు ఊపిరి అందలేదు.

మా సంఘ కాపరి అయ్యగారిది పక్క వీధి. కూటాలకు వెళ్తున్నామని ఆయనకు చెప్పకుండా వెళ్లాం కాబట్టి పిలవడానికి సిగ్గుపడ్డాను. వదిన వెళ్లి పిలుచుకొచ్చింది. రాగానే ప్రార్థన మొదలుపెడతారనుకున్నాను. ‘పడుకోబెట్టకండమ్మా, కూర్చోబెట్టండి, వీపు వెనక దిండ్లు పెట్టండి’ అన్నారు. కారు మాట్లాడారు. దారి పొడవునా అమ్మను తన భుజానికి ఆనించుకుని కూర్చున్నారు. అక్కడ రిపోర్టు చూసి డాక్టరు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అయ్యగారు మాత్రం తిట్టలేదు, ఆ రాత్రీ తిట్టలేదు, ఆ తరువాత ఎన్నడూ తిట్టలేదు.

అందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కొంచెం కోపం ఉందంటే నమ్ముతారా? ఒక్క మాట అని ఉంటే ఏడ్చి, క్షమించమని అడిగి, అంతటితో తేల్చుకునేదాన్ని.

ఆయన దగ్గర కిరాణా కొట్లలో ఉండేలాంటి పొడుగాటి ఖాతా పుస్తకం ఒకటి ఉండేది. ఎడమ పేజీకి ‘సోమ–బుధ–శుక్ర’, కుడి పేజీకి ‘మంగళ–గురు–శని’. ఎవరి వంతు ఎన్ని గంటలకు, ఎవరు ఏ ఆటోలో వెళ్లాలి, తోడు ఎవరు, తిరిగి వచ్చేటప్పుడు ఎవరికి కళ్లు తిరుగుతాయి, అన్నీ అందులో ఉండేవి. సంఘస్థులవే కాదు, ఊరందరివీ. ఆదివారం ఆరాధనలో రోగుల కోసం చేసే ప్రార్థన ఆ పుస్తకం తెరిచి చేసేవారు. ఎడమ పేజీ, తరువాత కుడి పేజీ. రెండు పేజీల వాళ్లకూ కలిసొచ్చే సెలవు ఆదివారం ఒక్కటే.

తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మా తీరం దాటింది. గురువారం, అంటే అమ్మ రోజు. తెల్లారేసరికి తోటలో నిలబడి ఉన్న చెట్లను లెక్కపెట్టడం తేలికైంది, పడినవాటిని లెక్కపెట్టలేకపోయాం. ఆ రోజంతా ఎవరూ కదల్లేదు. శుక్రవారం పొద్దున్నే అయ్యగారు గొడ్డలితో వచ్చారు, వెనక ఎనిమిది మంది కుర్రాళ్లు, అందులో మా అన్నయ్య ఒకడు. దారికి అడ్డం పడిన కొబ్బరిచెట్లు నరుక్కుంటూ పెద్ద రోడ్డు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. కరెంటు లేదు, జనరేటరు మీద అందరికీ సర్దాలి కాబట్టి నాలుగు గంటలకు బదులు రెండున్నరే ఇచ్చారు. ‘అర్ధాకలి భోజనం’ అని నవ్వింది అమ్మ.

అమ్మ 2021 ఫిబ్రవరిలో వెళ్లిపోయింది. అయ్యగారు కిందటేడు.

ఇప్పుడు అసలు సంగతి. అన్నయ్యకు 46 ఏళ్లు. నాలుగు నెలలుగా నీరసం, అన్నం సయించడం లేదు, రాత్రిళ్లు నాలుగైదు సార్లు లేస్తున్నాడట. వదిన ఫోనులో ఏడ్చింది. పరీక్ష చేయించుకోమంటే ‘దేవుడు చూసుకుంటాడు’ అంటాడు. అమ్మ పోయినప్పటి నుంచి మందిరం గడప తొక్కని మనిషి అనే మాట ఇది! నేను గట్టిగా అడగలేకపోతున్నాను. దేవుడి పేరు చెప్పి అమ్మకు ఆసుపత్రి మాన్పించినదాన్ని. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని ఆసుపత్రికి పద అనను?

రాత్రి డ్యూటీ
సోమవారం, రాత్రి 11:15

జీడితోట గారూ, నేను శ్రీకాకుళంలో నర్సును. పదకొండేళ్లుగా డయాలసిస్ గదిలోనే పని.

ముందు పరీక్షల సంగతి. రక్తంలో క్రియాటినిన్, ఒక మూత్రపరీక్ష, బీపీ, అంతే. అరగంట పని. మీ వైపు వచ్చే జబ్బు దొంగలాంటిది. చాలామందికి వాపులు ఉండవు, బీపీ పెద్దగా ఉండదు, మూత్రంలో ప్రోటీను కూడా కొద్దిగానే పోతుంది. ‘నాకు వాపులు లేవు కదా’ అంటే వినకండి. ఒళ్లునొప్పుల మాత్రలు షాపులో కొని మింగుతున్నాడేమో వదినగారిని అడగండి. తోటపని చేసేవాళ్లలో చాలామందికి ఆ అలవాటు ఉంటుంది, అవి కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు కదా, విశాఖ దాకా పరుగెత్తక్కర్లేదు.

ఇక ‘దేవుడు చూసుకుంటాడు’ అన్న మాట. అది విశ్వాసం కాదు, భయం అని నా అనుమానం. మీ అమ్మగారి చేతికి డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేసే ఫిస్టులా ఉండేది కదా. తాడులా ఉబ్బిన నరం, వేలు పెడితే లోపల జివ్వుమంటూ ఉంటుంది. ఆ చేతిని నాలుగేళ్లు చూసినవాడికి రిపోర్టు కాగితం ముట్టుకోవడమంటే ఏమిటో ఊహించండి. వాక్యాలు చెప్పకండి. పక్కన కూర్చుని బస్సెక్కండి.

విశ్వాసవీరుడు
మంగళవారం, ఉదయం 6:05

సహోదరీ, మీ బాధ అర్థమైంది. కానీ స్వస్థత కూటాలన్నింటినీ ఒకే గాటన కట్టడం తగదు. ఆసా రాజు కాళ్ల జబ్బు వచ్చినప్పుడు యెహోవాను అడగక వైద్యులనే పట్టుకున్నాడని బైబిల్లో దినవృత్తాంతములలో ఉంది. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ వైద్యులకే ఉన్నదంతా ఖర్చుపెట్టింది, నయమైంది మాత్రం ప్రభువు వస్త్రపు చెంగు ముట్టుకున్నాకే. మా పాప జబ్బు ప్రార్థనతో తగ్గింది, నేను సాక్షిని. మీరు భయపడి పరుగెత్తారు. ఇంకొక్క రోజు నిలబడి ఉంటే?

రాత్రి డ్యూటీ
మంగళవారం, ఉదయం 6:20

ఇంకొక్క రోజు నిలబడి ఉంటే గుండె ఆగేది. పొటాషియం పెరిగితే అంతే. డ్యూటీ దిగాక మిగతాది రాస్తాను, ఇప్పుడు రాస్తే బాగుండదు.

నిర్వాహకుడు
మంగళవారం, ఉదయం 7:30

మందులు గానీ డయాలసిస్ గానీ మానమని సూచించే రాతలు ఇక్కడ కుదరవు. ‘ఇంకొక్క రోజు’ వాక్యం తీసేద్దామనుకుని ఆగాను, అది లేకపోతే కింది జవాబు అర్థం కాదు. మళ్లీ అయితే తీసేస్తాను.

పాత బెంచీ
మంగళవారం, ఉదయం 10:48

అమ్మా జీడితోటా, నేను బొబ్బిలి వాడిని, డెబ్భై నాలుగేళ్లు. బడిపంతులుగా చేశాను కాబట్టి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, క్షమించాలి.

ఆసాను ఎత్తేవారు హిజ్కియా రాజును ఎందుకో ఎత్తరు. ఆయన చావుజబ్బులో గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు, పదిహేనేళ్ల ఆయుష్షు దొరికింది. దొరికాక యెషయా ఏం చేయించాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకు కట్టించాడు. ప్రార్థన ఫలించిందని తెలిసీ కట్టు కట్టించిన ప్రవక్త! పౌలు ఒంటికి తగిలిన చేతిరుమాళ్లతో రోగాలు పోయాయని అపొస్తలుల కార్యములలో చదువుతాం. అదే పౌలు తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకు రుమాలు పంపలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తన వెంట తిరిగిన త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచి వచ్చానని తనే రాశాడు. ఎందుకు నయం కాలేదో ఆయన రాయలేదు, నేనూ కల్పించను.

మన వైపు సువార్త, వైద్యం ఒకే బండిలో వచ్చాయి. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో మొదలుపెట్టి మా బొబ్బిలి, శ్రీకాకుళం, మీ సోంపేట దాకా వచ్చారు. సోంపేట ఆరోగ్యవరంలో కంటివైద్యం చేసిన డాక్టర్ బెన్ గలిసన్ మాటలు విని ఆర్ట్ జెంకిన్స్ అనే కాల్గరీ వ్యాపారి 1963లో ఆపరేషన్ ఐసైట్ సంస్థను స్థాపించాడు. మా నాన్నకు శుక్లాలు తీసింది అక్కడే. కట్టు విప్పగానే నా వైపు చూసి ‘నీ చొక్కా ఇంత మురికిగా ఉందేమిటిరా’ అన్నాడు. దేవుడికి స్తోత్రం తరువాత చెప్పాడు.

నాకు ఆత్మీయ గురువు అంటే ఒక బైబిలు స్త్రీ, అంటే ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు వాక్యం చెప్పే సంఘ సేవకురాలు. పెద్దగా చదువుకోలేదు. పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు పుస్తకం చూడకుండా పాడేది. నా పన్నెండో ఏట మా అమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మా సంఘంలో ఒకాయన వచ్చి ఇంట్లో ఏ పాపం ఉందో వెతుక్కోమన్నాడు. మా నాన్న వెతికాడు కూడా, పాపం! ఆ బైబిలు స్త్రీ మాత్రం శుక్రవారం శుక్రవారం దువ్వెన, కొబ్బరినూనె సీసా పట్టుకుని వచ్చేది. మా అమ్మకు తల దువ్వి, జడ వేసి వెళ్లేది. ప్రార్థన ఒక్కోసారి చేసేది, ఒక్కోసారి మరిచిపోయేది. జడ మరిచిపోలేదు.

కష్టాల్లో పడ్డ యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులను అందరూ ఆడిపోసుకుంటారు. వాళ్లు మొదటి ఏడు రోజులు, ఏడు రాత్రులు నేల మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. అంతవరకు మంచివాళ్లే. నోరు తెరిచాక చెడ్డారు.

మీ ఉద్దానం జబ్బుకు నీళ్లా, ఎండా, పురుగుమందులా, వంశమా అని ఏళ్లుగా వెతుకుతున్నారు, ఇదీ అని తేలలేదు. కారణం తేలని చోట పాపం అనే మాట సులువుగా దూరుతుంది. మీ అన్నగారికి కూడా ఎవరో ఆ మాట ఎక్కించి ఉంటారేమో కనుక్కోండి.

అరసవల్లి వీధి
మంగళవారం, మధ్యాహ్నం 1:10

నేను క్రైస్తవుడిని కాను, ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. మా పెద్దమ్మకు కంట్లో ఒత్తిడి ఉండి చూపు తగ్గుతోందని డాక్టర్లు రోజూ చుక్కలు వేసుకోమన్నారు. సూర్యనారాయణమూర్తి పాదాల దగ్గర ఉన్నాం, ఆయనే చూసుకుంటాడని మానేసింది. ఆమె మానేసిందని మాకు తెలుసు. ఎదురుచెప్పలేక ఊరుకున్నాం. ఒక కన్ను పోయింది. రెండో కంటికి ఇప్పుడు మనవరాలు ఫోనులో అలారం పెట్టి తనే వేస్తోంది. పెద్దమ్మ రథసప్తమికి ఎప్పటిలాగే వెళ్తోంది. కాబట్టి ఈ తప్పు మీ ఒక్కరిదీ కాదు, మీ మతానిదీ కాదు.

ఆ ఖాతా పుస్తకం ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?

కాపరి కొడుకు
మంగళవారం, రాత్రి 8:33

చీపురుపల్లి దగ్గర చిన్న సంఘానికి మా నాన్న ముప్ఫై ఏళ్లు కాపరి. పైన అందరూ అయ్యగార్ల గొప్పతనం రాశారు, వాళ్ల ఇంటి లోపలి మాట నేను చెబుతాను.

ఊరివాళ్లందరి ఆసుపత్రులకూ వెళ్లిన మా నాన్న, మా అమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయిన రోజు వేరేవాళ్ల భూస్థాపనలో ఉన్నాడు. సాయంత్రం వచ్చి మంచం పక్కన నిలబడితే అమ్మ ముఖం తిప్పుకుంది. నేను చాలా ఏళ్లు ఆయనతో సరిగా మాట్లాడలేదు. జీడితోట గారూ, మీ అయ్యగారు ఆ రాత్రి మీ అమ్మను భుజానికి ఆనించుకున్నప్పుడు ఆయన ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారో ఎప్పుడైనా అడిగారా? నిష్ఠూరం కాదు, అడుగుతున్నాను.

తిట్టకపోవడం గురించి నాకు కొంచెం తెలుసు. మా సంఘంలోనూ ఇలాంటిదే జరిగింది, ఒకాయన షుగరు మాత్రలు మానేశాడు. నాన్న ఆయననూ ఏమీ అనలేదు. ఎందుకని అడిగితే, ‘ఆ కూటాలకు వెళ్లవద్దని ముందే చెప్పాల్సింది నేను. పెద్ద ప్రసంగీకుడిని చూసి పల్లెటూరి పాస్టరుకు కడుపుమంట అంటారని నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఏ హక్కుతో తిట్టను?’ అన్నాడు. మీ అయ్యగారి మనసులో ఏముందో నాకు తెలియదు. కానీ ఆయన దగ్గర మీ తప్పు ఒక్కటే లేదేమో.

జీడితోట
మంగళవారం, రాత్రి 10:20

కాపరి కొడుకు గారూ, అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, ఆ రాత్రి ఏం చేస్తున్నారో నాకు తెలియనే తెలియదు.

పుస్తకం అమ్మగారి ఇంట్లో అటక మీద ఉంది. భూస్థాపన నాడు చూపించారు. పోయినవాళ్ల పేర్లను అయ్యగారు కొట్టేయలేదు. పక్కన ‘సెలవు’ అని చిన్నగా రాశారు. అమ్మ పేరు పక్కన కూడా అదే. ఆయన పోయాక ఎవరూ అందులో రాయలేదు. ఆటోలు ఎవరివి వాళ్లు మాట్లాడుకుంటున్నారు, డయాలసిస్ వాళ్లకు వచ్చే 10,000 పింఛనులో చాలా భాగం దానికే పోతోందని వదిన చెప్పింది.

శుక్రవారం ఊరికి వెళ్తున్నాను.

విశ్వాసవీరుడు
బుధవారం, రాత్రి 12:47

నిద్ర పట్టక రాస్తున్నాను. మా పాపకు మూర్ఛ. ప్రార్థనతో తగ్గిందని రెండేళ్లలో కనీసం పది సంఘాల్లో సాక్ష్యం చెప్పాను. ప్రార్థన చేసింది నిజం, తగ్గింది నిజం. పూటపూటకూ మాత్ర వేస్తున్నామన్నది మాత్రం ఏ సాక్ష్యంలోనూ చెప్పలేదు. అబద్ధం ఆడాలని కాదు. చెబితే చప్పబడిపోతుందని. నా సాక్ష్యం విని ఎవరైనా మాత్ర మానేశారా అని ఈ రాత్రి మొదటిసారి ఆలోచించాను. నిర్వాహకుడు గారూ, నేను రాసిన ఆ వాక్యం తీసేయండి.

రాత్రి డ్యూటీ
బుధవారం, రాత్రి 1:05

తీయకండి. అన్నగారూ, పాప మాత్ర ఒక్క పూట కూడా తప్పనివ్వకండి. మూర్ఛ మందులు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ మరీ తీవ్రంగా తిరిగొస్తాయి. తగ్గించాలన్నా డాక్టరే మెల్లగా తగ్గించాలి. ఆ పది సంఘాలకూ మళ్లీ వెళ్తారా?

విశ్వాసవీరుడు
బుధవారం, రాత్రి 1:09

రెండింటికి ముందు ఫోను చేస్తాను.

పాత బెంచీ
బుధవారం, ఉదయం 9:15

మిగతా ఎనిమిదింటికి ఉత్తరాలు నేను రాసిపెడతాను నాయనా. చేతిరాత ఇంకా బాగానే ఉంది.

జీడితోట
ఆదివారం, సాయంత్రం 5:30

వెళ్లి వచ్చాను.

శుక్రవారం రాత్రి అన్నం తిన్నాక అరుగు మీద కూర్చున్నాం. వాక్యాలు చెప్పలేదు, నర్సమ్మ గారి మాట గుర్తుంది. ఆ మైదానంలో నేనే గట్టిగా ఆమేన్ అన్నానని, అమ్మ డయాలసిస్ మానేయడానికి నేనే కారణమని చెప్పాను. ఏడేళ్లుగా అన్నయ్యతో అనని మాట అది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ‘గేటు బయట బండి దగ్గర నిలబడి నేనూ అన్నాను’ అన్నాడు. మమ్మల్ని దింపడానికి వచ్చాడు ఆ రోజు. లోపలికి రాలేదు కాబట్టి వాడికి సంబంధం లేదనుకున్నాను ఇన్నాళ్లూ.

అప్పటి నుంచి దేవుడిని ఏమైనా అడగాలంటే భయమట. అడిగితే ఇంకేం తీసుకుపోతాడో అని. ‘దేవుడు చూసుకుంటాడు’ అంటే ‘నన్ను వదిలేయండి’ అని అర్థమట.

శనివారం పొద్దున్నే బస్సెక్కాం. క్రియాటినిన్ 2.3. డాక్టరు డయాలసిస్ మాట ఎత్తలేదు. నొప్పుల మాత్రలు పూర్తిగా ఆపమన్నారు (వేసుకుంటున్నాడు, వదినకు తెలియకుండా, రోజుకు రెండు). బీపీకి మందు రాశారు, ఎండపనిలో నీళ్లు తాగమన్నారు, మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారు. దారిలో అన్నయ్య రిపోర్టును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఒక్కసారి కూడా తీసి చూడలేదు.

ఊళ్లో బస్సు దిగి ఇంటికి కాకుండా అయ్యగారి వీధి వైపు నడిచాడు. నేను అమ్మగారి దగ్గర కూర్చుని ఆ రాత్రి సంగతి అడిగాను. ఆవిడ కాసేపు గుర్తు చేసుకుని, ‘నాకు జ్వరం ఆ వారమంతా’ అన్నారు. అంతే అన్నారు. నాకు ఏమనాలో తెలియలేదు. కాపరి కొడుకు గారూ, మీరు అడగమన్నది మంచిదో చెడ్డదో ఇంకా తేల్చుకోలేదు.

ఈలోగా అన్నయ్య స్టూలు వేసుకుని అటక ఎక్కాడు.

సరిహద్దు ఊరు
ఆదివారం, రాత్రి 8:02

అందరికీ నమస్కారం, కొత్తగా చేరాను. మాది ఇచ్ఛాపురం పక్కన పల్లె. మా మేనమామకు మంగళ–గురు–శని, పొద్దుటి వంతు. ఆయనకు పిల్లలు లేరు, నేను చెన్నైలో ఉన్నాను. మీ ఊరి ఆటో మా రోడ్డు మీదుగా వెళ్తుందా? మేము ఏ సంఘానికీ చెందము, పరవాలేదా?

జీడితోట
ఆదివారం, రాత్రి 8:40

ఫోను నంబరు ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా సందేశం పంపండి. అన్నయ్యను అడిగాను. మీ రోడ్డు దాకా ఆటో రాదట, కూడలి వరకు మీ మామయ్యను ఎవరైనా దింపితే అక్కడి నుంచి రెండో ఆటోలో ఒక చోటు ఉందట. తిరిగి వచ్చేటప్పుడు ఆయనకు కళ్లు తిరుగుతాయా? పుస్తకంలో రాసుకోవాలంటున్నాడు.